ఇంట్లోనే పెద్దవాళ్ల మీద హింస: ఒడిశా, ఆంధ్ర సరిహద్దు జిల్లాల్లో చిన్న సంస్థ పని ఎలా చేయాలి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం. ఈ పట్నాల చుట్టూ ఉన్న తెలుగు ఇళ్లలో పెద్దవాళ్ల కేసు చేతికొస్తే, చాలాసార్లు ముందు అడ్డుపడేది కాగితం. ముసలమ్మ మాట్లాడేది తెలుగు. ఆమె చేత వేలిముద్ర వేయించుకున్న దస్తావేజు ఒడియాలో ఉంటుంది. పింఛను ఇచ్చేది ఒడిశా పంచాయతీ. కొడుకు ఉండేది విశాఖలోనో హైదరాబాదులోనో. పొలంలో కొంత ఇటు, కొంత ఆంధ్రలోని పాతపట్నం వైపు. ఏ కాగితంలో ఏముందో ఆమెకి తెలీదు. నీకేం కావాలమ్మా అని ఆమె భాషలో అడిగినవాళ్లూ ఉండరు. సంస్థ పనిలో సగం ఈ రెంటినీ సరిచేయడమే. పద్ధతి కింద వరసగా ఉంది.

ముందు మీ సంస్థ కాగితాలు చూసుకోండి

2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం స్వచ్ఛంద సంస్థకి ఒక పెద్ద అవకాశం ఇచ్చింది. పిల్లల నుంచి పోషణ ఖర్చు ఇప్పించమని పెద్దాయన తానుగా దరఖాస్తు పెట్టుకోలేని స్థితిలో ఉంటే, ఆయన అధికారమిచ్చిన సంస్థ ఆయన తరఫున పెట్టవచ్చు. అయితే ఆ సంస్థ 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కిందనో మరో చట్టం కిందనో రిజిస్టరై ఉండాలి. వీధిలో నలుగురు కలిసి పెట్టుకున్న యువజన సంఘానికి ఈ హక్కు లేదు. కాబట్టి మూడు కాగితాలు ఫైల్లో సిద్ధంగా ఉంచండి: రిజిస్ట్రేషన్ పత్రం నకలు, వృద్ధుల సేవ ఆశయాల్లో ఉన్నట్టు చూపే నియమావళి పేజీ, ఎవరు సంతకం పెట్టి హాజరవుతారో చెప్పే తీర్మానం. తీర్మానం లేకపోతే మొదటి వాయిదాలోనే "మీరెవరు" అన్న ప్రశ్న వస్తుంది, ఒక నెల పోతుంది.

మనుషులు ముగ్గురు చాలు. ఇళ్లకి వెళ్లి మాట్లాడగలిగే ఒక ఆడమనిషి, ఒడియా చదవడం రాయడం బాగా వచ్చిన ఒకరు, తహసీల్ ఆఫీసు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు తెలిసిన ఒకరు. వాళ్లకి మొదటి రోజే ఒక నియమం పెట్టండి: పెద్దవాళ్ల డబ్బు, ఏటీఎం కార్డు, పాస్‌బుక్కు, అసలు దస్తావేజు ఏదీ మన చేతిలో రాత్రి నిలవ ఉండకూడదు. చూసి, నకలు తీసుకుని, అదే రోజు తిరిగి ఇచ్చేయాలి. అవతలి పక్షం మీ మీద వేసే మొదటి నింద "ఆస్తి కోసం వచ్చారు" అన్నదే.

కేసు మీ దాకా రావాలని కూర్చోకండి

పెద్దవాళ్లు ఫిర్యాదు చేయరు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందన్న సామెత వాళ్లకి బాగా తెలుసు. కొడుకు పరువు, మనవల పెళ్లిళ్లు, రేపు కొరివి పెట్టేదెవరన్న భయం, అన్నీ అడ్డొస్తాయి. 60 దాటినవాళ్లలో దాదాపు ఆరుగురిలో ఒకరు ఏడాది కాలంలో ఏదో ఒక రకమైన హింసకి గురవుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మీ ఊళ్లో కేసులే లేవంటే, మీకు కనపడలేదని అర్థం.

చూడటానికి మంచి రోజు నెలలో 15వ తేదీ. ఒడిశా ప్రభుత్వ వృద్ధాప్య పింఛను, అంటే మధుబాబు పింఛను, పంచే రోజు అది. పంచాయతీ ఆఫీసు దగ్గర ఒక మూల నిలబడి చూడండి. డబ్బు తీసుకున్న చేయి ఎవరిది, అది ఎన్ని అడుగుల తరవాత ఎవరి జేబులోకి పోయింది, గత నెల నడిచి వచ్చినామె ఈ నెల ఎందుకు రాలేదు, ఇవి రాసుకోవాలి. ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ అమ్మ, రేషను డీలరు, పాలు పోసే మనిషి కూడా మీ కళ్లే. గోపాలపురం తీరాన నోలియా పేటల్లో చేపలమ్మే ఆడవాళ్లకి, బరంపురం దేవాంగ వీధుల్లో పక్కింటి మగ్గం వాళ్లకి తెలియని సంగతి ఉండదు.

వాళ్లకి చూడమని చెప్పాల్సినవి: రెండు చేతుల పై భాగంలో వేళ్ల ఆకారంలో కమిలిన గుర్తులు, నడుం దగ్గర పుండ్లు, ఒంటి మీద మూత్రం వాసన, బయట గొళ్లెం వేసిన గది, నెలల తరబడి కొనని బీపీ మాత్రలు, ఇంతకుముందు గలగల మాట్లాడినామె కోడలు గుమ్మంలోకి రాగానే నోరు మూయడం. డబ్బు విషయంలోనైతే పాస్‌బుక్కులో ఒకే రోజు రెండు మూడు పెద్ద విత్‌డ్రాయళ్లు.

ఒక్క గుర్తుతో తీర్పు చెప్పేయకండి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకి చిన్న తాకిడికే కమిలిపోతుంది. మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లు "నా గొలుసు కోడలు దొంగిలించింది, నాకు అన్నం పెట్టలేదు" అని నిజంగానే నమ్మి చెబుతారు. అలాగని ఆ జబ్బు ఉన్నవాళ్ల మాట కొట్టిపారేయడమూ తప్పే, ఎక్కువగా నలిగిపోయేది వాళ్లే. రెండు మూడు రోజుల్లోనే కొత్తగా మాట తడబడితే అది ఇన్‌ఫెక్షనో, ఒంట్లో నీరు తగ్గడమో కావచ్చు. ముందు ఆసుపత్రి, తరవాతే విచారణ.

మొదటి సారి ఇంటికి వెళ్లినప్పుడు

ఇద్దరు వెళ్లండి. ఒకరు పెద్దామెతో, ఇంకొకరు ఇంట్లోవాళ్లతో. ఇద్దరూ పెద్దామె దగ్గరే కూర్చుంటే కోడలూ అక్కడే కూర్చుంటుంది, ఒక్క మాట బయటికి రాదు. బీపీ చూడటం, పింఛను కాగితాలు, రేషను కార్డులో పేరు, వీటిలో ఏ పని మీదైనా వెళ్లవచ్చు, కానీ ఆ పని నిజంగా చేసి రావాలి. నీళ్ల కోసం పెరట్లోకి తీసుకెళ్లడం, ఎండలో కూర్చోపెట్టడం ఏకాంతానికి మంచి దారులు.

అడిగే మాట చిన్నదిగా, వాళ్ల యాసలో ఉండాలి. "మిమ్మల్ని వేధిస్తున్నారా" అంటే లేదనే జవాబు వస్తుంది. దానికి బదులు: "నిన్న రాత్రి ఏటి తిన్నావమ్మా? ఎవరు పెట్టారు?" "పింఛను డబ్బులు నీ దగ్గరుంటాయా, ఎవరికైనా ఇస్తావా?" "మాత్రలు అయిపోతే ఎవరికి చెబుతావు?" "ఈ ఇంట్లో నీకు భయమేసే మనిషున్నాడా తాతా?" ఆఖరుగా అన్నింటికన్నా ముఖ్యమైనది: "మరి నీకు ఏం జరగాలని ఉంది?"

ఆ జవాబు ఆమె మాటల్లోనే, తెలుగులోనే, తేదీ వేసి రాయండి. తిరిగి చదివి వినిపించి వేలిముద్ర తీసుకోండి. ఒడియా అనువాదం విడిగా వేరే కాగితం మీద ఉండాలి. పైకి చిన్నదిగా కనిపించినా కేసులు చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే. ఆమె అడిగింది "నా గదికి తాళం వద్దు, మందులు కొనాలి" అని. సంస్థవాళ్లు ఉత్సాహంగా "కొడుకుని ఇంట్లోంచి పంపేయాలి" అని రాస్తారు. అధికారి ముందు ఆమె "నేనలా అనలేదు బాబూ" అంటుంది. ఆ రోజుతో మీ మాటకి విలువ పోతుంది, ఆమెకి ఇంట్లో నరకం మొదలవుతుంది.

తెలివితో ఉన్న పెద్దమనిషి "ఏమీ వద్దు, వెళ్లిపొండి" అంటే వెళ్లిపోవాలి. ఫోన్ నంబరు మాత్రం ఆమెకి అందేచోట పెట్టండి. పెద్దవాళ్ల హెల్ప్‌లైన్ 14567. పొద్దున్న 8 నుంచి రాత్రి 8 దాకా పనిచేస్తుంది. తెల్ల కాగితం మీద రాసి ఇస్తే ఇంట్లోవాళ్లు చింపేస్తారు. మందుల సంచి లోపలి వైపు పెన్నుతో రాస్తే ఉంటుంది.

ప్రాణం మీదికి వస్తే

దెబ్బలు, గదిలో బంధించడం, తిండి నీళ్లు ఆపడం ఉంటే రాజీ మాటలకి పోవద్దు. 112కి ఫోన్ చేయండి, ఆసుపత్రికి తీసుకెళ్లండి. అక్కడ డాక్టరుతో ఎలా తగిలిందో ఉన్నది ఉన్నట్టు చెప్పి మెడికో లీగల్ కేసుగా (పోలీసులకి కూడా తెలియజేసే గాయం కేసుగా) నమోదు చేయించాలి. "జారి పడింది" అని ఒకసారి చీటీలో పడితే తరవాత దాన్ని తిప్పడం దాదాపు అసాధ్యం. గాయాల ఫొటోలు ఆమె ఒప్పుకుంటేనే తీయండి, వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి.

పోలీసుల దగ్గర గుర్తుంచుకోవాల్సినవి రెండు. నేరం ఆంధ్ర వైపు జరిగినా ఒడిశా స్టేషన్‌లో ఎఫ్ఐఆర్ తీసుకోవాలి. పరిధి ఏదైనా నమోదు చేయాలని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతుంది. అదే సంహిత 179వ సెక్షన్ ప్రకారం 60 దాటిన మగవాళ్లనీ, ఏ వయసు ఆడవాళ్లనైనా సాక్ష్యం కోసం స్టేషన్‌కి రప్పించకూడదు, వాళ్లుండే చోటికే వెళ్లి అడగాలి. చూసుకోవాల్సిన బాధ్యత ఉండి కూడా పెద్దవాళ్లని వదిలించుకోవాలని రైల్వే స్టేషన్లోనో గుడి మెట్ల మీదో దింపేసి పోతే, 2007 చట్టం 24వ సెక్షన్ కింద 3 నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. బాధితురాలు ఆడమనిషైతే గృహహింస చట్టం కూడా వర్తిస్తుంది. కొడుకు మీద తల్లి వాడుకోవచ్చు. జిల్లాలోని రక్షణాధికారి దగ్గరో, హింసకి గురైన ఆడవాళ్లకి సాయం చేసే సఖి కేంద్రంలోనో, మహిళా హెల్ప్‌లైన్ 181 ద్వారానో మొదలుపెట్టండి.

ప్రాణభయం లేకపోతే ముందు మాట్లాడండి, కానీ కాగితం మీద

చాలా ఇళ్లలో పోట్లాట ఉండేది ముగ్గురు కొడుకుల మధ్య, నలిగేది తల్లి. నెలకో ఇంట్లో తిండి, చివరి రోజుల్లో ఎవరి వంతో తేలక గుమ్మంలో ఆమె. ఇలాంటిచోట మాటలతో తేలుతుంది. కులపెద్దల్ని పిలవాలా? మాట నిలబెట్టించే బలం వాళ్లకి ఉంది కానీ, "నువ్వే సర్దుకుపో అమ్మా" అనే అలవాటూ ఉంది. పిలిస్తే ఒకరిద్దరిని, పెద్దామె ఒప్పుకున్నవాళ్లని మాత్రమే పిలవండి.

ఒప్పందంలో "బాగా చూసుకుంటాము" అన్న మాటకి అర్థం లేదు. ఎవరు, ఎంత, ఏ తేదీకి, ఏ ఖాతాలో, మందులు ఎవరు కొంటారు, ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్తారు, పింఛను కార్డు ఎవరి దగ్గర ఉంటుంది, ఇవన్నీ విడివిడిగా రాయాలి. డబ్బు చేతికి ఇవ్వడం ఒప్పుకోకండి. ఖాతాలో పడితేనే రేపు రుజువు.

కోడలి మాట కూడా వినండి. మంచం పట్టిన మనిషిని రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి, గుడ్డలు మార్చాలి, తినిపించాలి. ఒక్క మనిషి రాత్రింబవళ్లు చేస్తే ఎవరికైనా చేయి లేస్తుంది. అది తప్పు కాదని కాదు, కానీ వారానికి రెండు పూటలు మీ మనిషి వెళ్లి కూర్చుంటే, ఒక కమోడ్ కుర్చీ, ఒక గాలి పరుపు అప్పుగా ఇస్తే కేసు లేకుండానే తగ్గే ఇళ్లు ఉంటాయి. సంస్థ డబ్బు ఖర్చుపెట్టాల్సింది ముందు ఇక్కడ, జూన్ 15 నాటి అవగాహన దినం బ్యానర్ల మీద కాదు.

సబ్ కలెక్టర్ దగ్గర దరఖాస్తు

2007 చట్టం కింద పోషణ దరఖాస్తులు విని తేల్చేది పోషణ ట్రిబ్యునల్. ఒడిశాలో అది సబ్ కలెక్టర్ దగ్గర ఉంటుంది. పర్లాకిమిడి, రాయగడ, గుణుపురం, జయపురం, కోరాపుట్, బరంపురం, ఛత్రపురం అన్నీ సబ్ డివిజన్ కేంద్రాలే. పెద్దాయన ఉండే జిల్లాలోనో, చివరిగా ఉన్న జిల్లాలోనో, పిల్లలుండే జిల్లాలోనో వేయవచ్చు. అంటే పర్లాకిమిడి తండ్రి తన ఊళ్లోనే వేసి విశాఖ కొడుక్కి నోటీసు పంపించవచ్చు. కొడుకు దగ్గరికి ఆయన పోనక్కర్లేదు.

ఎవరి మీద వేయాలి? కొడుకులు, కూతుళ్లు, పెద్దయిన మనవలు. కూతురి పేరు వదిలేస్తుంటారు, చట్టం దృష్టిలో ఆమెకీ బాధ్యత సమానమే. కోడలు, అల్లుడు ఈ నిర్వచనంలోకి రారు. వాళ్ల పేర్లు పోషణ దరఖాస్తులో రాస్తే అవతలివాళ్లకి వాదన దొరుకుతుంది. పిల్లల్లేనివాళ్లు తమ ఆస్తి అనుభవిస్తున్న లేదా వారసత్వంగా పొందబోయే బంధువు మీద వేయవచ్చు. సవతి తల్లి కూడా తల్లే.

జతచేయాల్సినవి: వయసు రుజువు, బంధుత్వ రుజువు, పాస్‌బుక్కు నకలు, మందుల చీటీలు, ఆమె తెలుగు వాంగ్మూలం దాని ఒడియా అనువాదంతో, సంస్థకి ఇచ్చిన అధికార పత్రం, నెల ఖర్చు లెక్క. లెక్క రూపాయల్లో ఉండాలి. ఉదాహరణకి తిండికి 3,500, మందులకి 1,600, పాలకి 900, చూసుకునే మనిషికి 2,000, మొత్తం 8,000, అందులోంచి వచ్చే పింఛను తీసివేసి మిగిలింది అడగండి. కేంద్ర చట్టం పెట్టిన గరిష్ఠ పరిమితి నెలకి 10,000. "న్యాయం చేయండి" అని వదిలేస్తే ఎంత ఇవ్వాలో అధికారికి తెలీక తక్కువ రాస్తారు.

అదే కాగితంలో మధ్యంతర భృతి, అంటే కేసు తేలేదాకా నెలనెలా ఇచ్చే డబ్బు, కూడా అడగడం మరవొద్దు. నోటీసు అందిన రోజునుంచి 90 రోజుల్లో తేల్చాలి, తప్పనిసరైతే ఇంకో 30. అందుకే నోటీసు అందడమే కీలకం. గడియారం అక్కడే మొదలవుతుంది. కొడుకు చిరునామా "గాజువాక, విశాఖ" అని రాస్తే కవరు తిరిగొస్తుంది. డోరు నంబరు, పిన్‌కోడు, ఫోను, పనిచేసే చోటు కనుక్కోండి. అధికారి ముందుగా రాజీకి సంధానకర్తకి పంపవచ్చు, ఆయనకి ఒక నెల గడువు.

ఈ చట్టమూ, మేజిస్ట్రేటు కోర్టులో పోషణ కేసూ (పాత కోడ్‌లో 125వ సెక్షన్, ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహితలో 144) రెండూ కలిపి నడపకూడదు, ఏదో ఒకటి ఎంచుకోవాలి. ట్రిబ్యునల్లో వకీళ్లు వద్దని 2007 చట్టం 17వ సెక్షన్ అంటుంది. దాన్ని కొన్ని హైకోర్టులు ఒప్పుకోలేదు కాబట్టి అవతలివాళ్లు వకీలుతో వస్తే కంగారుపడకండి. ఉచిత న్యాయ సహాయానికి 15100. ఆదేశం నచ్చకపోతే 60 రోజుల్లో కలెక్టర్‌కి అప్పీలు. గంజాం కేసులైతే కలెక్టర్ ఉండేది ఛత్రపురంలో, బరంపురంలో కాదు. కొత్తవాళ్లు ఈ తప్పు ప్రయాణం చేస్తుంటారు.

ఆస్తి రాసిచ్చేసి ఉంటే

ముందు దస్తావేజు ధ్రువీకృత నకలు సబ్ రిజిస్ట్రార్ దగ్గర తీసుకోండి. ఇంట్లోవాళ్ల నోటిమాట నమ్మొద్దు. ఆన్‌లైన్ భూమి రికార్డుల్లో, ఇటు భూమికి ఒడిశా భూలేఖ్‌లో, అటు భూమికి ఆంధ్ర మీభూమిలో ఎవరి పేరు ఉందో విడివిడిగా చూడండి. ఒకవైపు మార్చేసి మరోవైపు మరిచిపోయిన కేసులు ఉంటాయి, అది మీకు లాభం. ఒడియా చదివే మనిషి మొత్తం చదివి మూడు ప్రశ్నలకి జవాబు రాయాలి: ఇది అమ్మకమా, దానమా, వీలునామానా? తేదీ చట్టం అమల్లోకి వచ్చాకనా? చూసుకోవాలన్న షరతు ఎక్కడైనా ఉందా? వీలునామా అయితే దిగులే లేదు, ఆమె బతికుండగా మార్చుకోవచ్చు.

దానమైతే 2007 చట్టం 23వ సెక్షన్ చూడాలి. అవసరాలు చూసుకోవాలన్న షరతు మీద ఇచ్చి, పుచ్చుకున్నవాళ్లు తప్పితే, అది మోసంతో జరిగినట్టు ఎంచి రద్దు చేయవచ్చు. షరతు ఉందని చూపించి తీరాలని సుప్రీంకోర్టు 2022లో సుదేశ్ ఛికారా కేసులో చెప్పింది. 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసులో, ఈ చట్టాన్ని పెద్దవాళ్లకి మేలు కలిగేలా ఉదారంగా చదవాలనీ, ట్రిబ్యునల్ ఖాళీ చేయించి స్వాధీనం కూడా ఇప్పించవచ్చనీ చెప్పింది. ఆ కేసులో తల్లి చేతిలో కొడుకు రాసిచ్చిన హామీ పత్రం ఉంది. కాబట్టి దస్తావేజులో షరతు లేకపోతే, అదే రోజుల్లో రాసిన విడి కాగితాలన్నీ వెతకండి. కోడల్ని ఖాళీ చేయించే అడుగైతే ఆలోచించి వేయండి. గృహహింస చట్టం కింద ఆమెకున్న నివాస హక్కుని పక్కకి నెట్టలేరని 2020లో వనిత కేసు తేల్చింది.

ఇంకా రాయనివాళ్లకి మీ సలహా ఒకటే: బతికుండగా దానం వద్దు, వీలునామా చాలు. రాసే తీరతామంటే ఈ వాక్యం పెట్టించండి: "నా జీవితాంతం నాకు తిండి, బట్ట, వైద్యం, ఈ ఇంట్లో ఉండే చోటు సమకూర్చాలన్న షరతు మీద ఇస్తున్నాను. షరతు తప్పితే ఈ దానం రద్దు చేయించే హక్కు నాకు ఉంది." దాని కింద, ఒడియాలో ఉన్నది మొత్తం తెలుగులో చదివి వినిపించినది ఎవరో పేరుతో సహా రాయించాలి.

ఆదేశం వచ్చాక వెళ్లడం మానేయకండి

ఆదేశం వచ్చిన వారంలోనే కక్ష సాధింపు మొదలవుతుంది. డబ్బు ఖాతాలో పడుతుంది, మాట మాత్రం ఆగిపోతుంది, కంచం విడిగా పెడతారు. మూడో రోజు, పదిహేనో రోజు, ఆ తరవాత ఆరు నెలల పాటు నెలకోసారి వెళ్లండి. ప్రతిసారీ పాస్‌బుక్కు ప్రింటు వేయించండి. డబ్బు పడకపోతే ఆ తేదీ రాసుకోవాలి. బకాయి పడిన రోజు నుంచి 3 నెలల్లోపు ట్రిబ్యునల్‌కి దరఖాస్తు పెడితేనే వసూలు వారంటు అడగగలరు. అప్పటికీ కట్టకపోతే ఒక నెల దాకా జైలు ఉంటుంది. గడువు దాటిన నెల పోయినట్టే.

ఖాతా ఆమె ఒక్కదాని పేరే ఉండి, కొడుకు నామినీగా ఉంటే సరిపోతుంది. "సౌకర్యం కోసం" అని జాయింటు చేయించడంతోనే చాలా దోపిడీలు మొదలవుతాయి. 70 దాటినవాళ్లకి ఇంటి దగ్గరే సేవ ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2017లోనే చెప్పింది. బ్రాంచిలో రాతపూర్వకంగా అడగండి.

వృద్ధాశ్రమం ఆఖరి మెట్టు. జిల్లాకి కనీసం ఒకటితో మొదలుపెట్టి ప్రభుత్వం నడపవచ్చని చట్టం అంటుంది, అయితే చేర్చేముందు అక్కడ తెలుగు మాట్లాడేవాళ్లు ఎంతమందో చూడండి. మాట్లాడటానికి మనిషి లేని చోట మూడు పూటలా అన్నం పెట్టినా ఆమె నెల తిరక్కుండా అదే ఇంటికి పోతానంటుంది. అలా అంటే తీసుకెళ్లి దింపండి, మూడో రోజు మళ్లీ వెళ్లి చూడండి.

ఫైలు మూసేది రెండే సందర్భాల్లో: ఆరు నెలలు వరసగా డబ్బు పడి, పెద్దమనిషి చాలని స్వయంగా చెప్పినప్పుడు, లేదా ఆమె పోయినప్పుడు. ఆమె పోతే మీ దగ్గరున్న నకళ్లు ఎవరికివ్వాలో బతికుండగానే అడిగి అధికార పత్రం వెనక రాయించి ఉంచండి, ఎందుకంటే పదకొండో రోజున ముగ్గురు కొడుకులూ వాటికోసం మీ గుమ్మంలో ఉంటారు.